తాటితోపులో సైకిలు బెల్లు చాలదు

మా ఎదురింటి డాక్టరమ్మ ఆదివారం పూట సైకిలు తొక్కుతారు. సీతమ్మధారలో ఇంకా పాలవాడు రాకముందే ఆవిడా, ఆవిడ స్నేహితులూ లైట్లు పెట్టుకుని బయల్దేరతారు. మొన్నొకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, "తాతగారూ, మీరు పాతకాలం మనిషి కదా, లారీలూ బస్సులూ లేని రోడ్డు ఏదైనా తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. "ఎటు?" అన్నారు. చెప్పబోతే మాట సాగలేదు. నాకు ఎప్పుడూ అంతే. రాసిస్తానన్నాను. అయితే మా బ్లాగులో పెడతామన్నారు. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

నేను ఆ రోడ్డు తొక్కింది డెబ్బైల చివర్లో, మార్చి నెలాఖరున ఒక ఆదివారం. షికారుకని వెళ్ళలేదు. నా భార్య పైడమ్మ అలిగి పుట్టింటికి వెళ్ళి అప్పటికి రెండు నెలలు. ఆమెను తెచ్చుకోవడానికి వెళ్ళాను. మాకు పెళ్ళయి ఏడాదిన్నర. నేను పోర్టులో ఖలాసీని. వన్ టౌన్‌లో ఒక సందులో ఒంటి గది, ముందు చిన్న వరండా, అదే కాపురం. జనవరిలో ఆమెకు జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. నేను డ్యూటీ నుంచి వచ్చి నీళ్ళు పట్టాను, జావ కాచాను, బట్టలు ఉతికాను, మందు వేళకి గ్లాసు పక్కన పెట్టాను. ఎలా ఉందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. గ్లాసు పెట్టాను కదా, అదే అడిగినట్టు అనుకున్నాను. తొమ్మిదో రోజున ఆమె లేచి చీరలు మూట కట్టుకుంది.

"మంచానికి సేత్తన్నావో మనిసికి సేత్తన్నావో నాకు తెలీలేదు. ఎనిమిది రోజులు! ఎలగున్నాదని ఒక్కపాలి అడగలేకపోనావు" అంది.

నేను ఆ మూట అందుకుని బస్సు దాకా మోసుకెళ్ళి ఇచ్చాను. అది ఇంకా పెద్ద తప్పని తరవాత తెలిసింది.

వాళ్ళ ఊరి నుంచి తాటిబెల్లం తెచ్చి పూర్ణా మార్కెట్లో అమ్మే ఒకాయన ఉండేవాడు. మార్చిలో ఆయన కబురు తెచ్చాడు. "మీ ఆవిడ సెప్పమన్నాది బాబూ. సీరలు పంపొద్దంట, డబ్బులు పంపొద్దంట. నువ్వొచ్చి నోరిప్పి అడిగితే వత్తాదంట. లేపోతే వొచ్చే బుదారం ఆల్ల మేనత్తతోటి రాయగడ ఎలిపోద్దంట. అక్కడేదో పని సూసినారంట." అప్పటికి శుక్రవారం అయింది. నాకు సెలవున్నది ఆదివారం ఒక్కటే.

మా పక్క వాటాలో సాల్మన్ ఉండేవాడు. పోర్టులోనే సరుకు లెక్క రాసే టాలీ గుమాస్తా. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. వాళ్ళ చర్చి వీధి చివరే కాబట్టి ఆదివారం అతని సైకిలు ఖాళీ. శనివారం సాయంత్రం వెళ్ళి సైకిలు వైపు చూస్తూ నిలబడ్డాను. అతనికి అర్థమైంది.

"బస్సుంది కదా బావా. ఆనందపురం దాకా బస్సు, అక్కడ్నించి ఏదో బండి దొరుకుద్ది. సైకిలేటి?" అన్నాడు. "కండక్టరుకి ఊరి పేరు సెప్పాలని బయమేటి?"

నవ్వాను. సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, బస్సయితే రెండు గంటల్లో చేరిపోతాను. మాట సిద్ధం చేసుకోవడానికి ఆ టైము నాకు చాలదు. "ఇంటికి రా." రెండే మాటలు. నలభై కిలోమీటర్ల దారి అయితే సరిపోతుందనుకున్నాను.

"సరే. సోమారం ఆరుగంటల డ్యూటీకి సైకిలు నా గుమ్మంలో ఉండాల. నీ పెళ్ళాం వొచ్చినా, రాపోయినా" అని సాల్మన్ తాళం ఇచ్చాడు. నేను సైకిలు మా వాటా వైపు నడిపిస్తుంటే వెనకనుంచి, "రేపు ప్రార్థనలో నీ మాట ఎత్తుతాను బావా. నువ్వు మాటాడవు కదా, నీ బదులు నానే మాటాడతాను" అని అరిచాడు. సందులో వాళ్ళందరూ విన్నారు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాను. అత్తారింటికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదు కదా, ముందు ఫిషింగ్ హార్బర్‌కి పోయాను. ఆ వేళకే అక్కడ వేలం పాటలు జోరుగా సాగుతున్నాయి. చేపల గుట్ట చుట్టూ మనుషులు, ఒకరి మీద ఒకరు ధరలు అరుస్తున్నారు. నేనూ ఒక గుట్ట ముందు నిలబడ్డాను. మూడు గుట్టలు నా కళ్ళముందే అమ్ముడైపోయాయి. ఐసు బుట్ట మీద కూర్చున్న ఒక చేపలావిడ నన్ను చూసి, "ఏటి బావా, కళ్ళతో సూత్తే సేపలు సంచీలో పడిపోతాయేటి? ఎంత దూరం ఎల్లాల?" అంది. పద్మనాభం వైపని చెప్పాను. "అయితే పచ్చి సేపలొగ్గీ. మజ్జానానికి కుక్కలు నీ ఎనకాతలొత్తాయి. ఎండు నెత్తళ్ళు పట్టికెల్లు" అని నాలుగు రూపాయలకు తనే పొట్లం కట్టి ఇచ్చింది. ఆ ఎండుచేపల పొట్లం క్యారియర్‌కి కట్టుకున్నాను.

దారి చెబుతాను. హార్బర్ నుంచి బీచ్ వెంట వెళ్ళి, వాల్తేరు ఎత్తెక్కి, మద్దిలపాలెం దగ్గర పెద్ద రోడ్డు పట్టుకోవాలి. వాల్తేరు ఎత్తులో దిగి నడిపించడమే మేలు. మద్దిలపాలెం చేరేసరికి కాస్త వెలుగు వచ్చింది. అక్కడ నుంచి కిలోమీటరు రాళ్ళు వరసగా ఉంటాయి. రాయికొకసారి "ఇంటికి రా" అనుకోవాలని పెట్టుకున్నాను. మొదట మనసులో. హనుమంతవాక దగ్గర ఆరు గంటలకు టీ కోసం ఆగాను. పాకలో ముసలమ్మ గ్లాసు కడుగుతోంది. అప్పటికి నాలుగు రాళ్ళయ్యాయి, అయిదోది పైకే వచ్చేసింది.

"నన్నేటి బాబూ ఇంటికి రమ్మంటన్నావు? నాకు ముగ్గురు మనవలున్నారు" అంది ఆవిడ.

పాకలో ఇద్దరు లారీ డ్రైవర్లు ఒకటే నవ్వు. టీ ఇరవై పైసలు. చిల్లర తీసుకోకుండా వచ్చేశాను.

హనుమంతవాక దాటాక ఎడమ పక్క కొండలు, అడవి. యెండాడ ఎత్తు ఎక్కితే కుడివైపు కింద సముద్రం కనబడుతుంది. చాలామంది అక్కడ ఆగి చూస్తారు. నేను ఆగాను గానీ సముద్రం చూడలేదు. రోజూ పోర్టులో చూసేదే. అక్కడి రాయి దగ్గర దిగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "ఇంటికి రా" అని నాలుగైదుసార్లు అన్నాను. ఒకసారి కోపంగా వచ్చింది, ఒకసారి అడుక్కున్నట్టు వచ్చింది. మళ్ళీ ఎక్కి తొక్కాను. మధురవాడ మీదుగా ఆనందపురం ఎనిమిదింటికి చేరాను. అంతవరకూ లారీలు వస్తూనే ఉంటాయి. లారీ వస్తే రోడ్డు దిగిపోవడమే, వాళ్ళు మనకోసం దిగరు. ఆనందపురం జంక్షన్‌లో హోటలుంది. ఆ రోజుల్లో అర్ధరూపాయికి రెండు ఇడ్లీ. అక్కడే నీళ్ళ సీసా నింపుకోండి, తరవాత కొట్లు లేవు.

జంక్షన్‌లో పెద్ద రోడ్డు వదిలేసి పద్మనాభం వైపు చిన్న రోడ్డు పట్టుకున్నాను. డాక్టరమ్మ అడిగిన రోడ్డు అదే. మొదటి మలుపు తిరగగానే లారీల మోత ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే నా సైకిలు చైను ఎక్కడ కిర్రుమంటోందో కూడా తెలిసింది. ఎర్రమట్టి, రెండు పక్కలా జీడిమామిడి తోటలు. పళ్ళు రాలి మగ్గిన వాసన రోడ్డు మీదికి వస్తుంది. పొలం గట్లన్నీ తాటిచెట్లు. ప్రతి చెట్టు తలలోనూ రెండో మూడో లొట్లు, గీత కోసిన చోట కల్లు బొట్టుబొట్టుగా దిగే చిన్న కుండలు. గంటసేపట్లో నాకు ఎదురైంది రెండు ఎడ్లబళ్ళు, కల్లు లొట్లు వేలాడేసుకుని ఒక సైకిలాయన, అంతే. ఆయన చెయ్యెత్తాడు. నేను తలూపాను. మాట్లాడక్కర్లేని రోడ్డు. నాకు చాలా నచ్చింది. వచ్చిన పని ఏమిటో కూడా కాసేపు మరిచిపోయాను.

అయిదారు కిలోమీటర్లు వెళ్ళాక రోడ్డు రెండుగా చీలింది. పెళ్ళికి నేను అత్తారి ఊరు వచ్చింది జనంతో, చీకట్లో, అవతలి వైపు నుంచి బండి మీద. ఏది దారో తెలియదు. చీలిక దగ్గర ఒక ముసలావిడ జీడిపిక్కలు వలిచి చాట మీద ఆరబోస్తోంది. అడగాలి. సైకిలు దిగాను, గొంతు సవరించుకున్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేను వెంటనే సైకిలెక్కి ఎడమ దారిన వెళ్ళిపోయాను. నాలుగు కిలోమీటర్లు పోయాక ఆ దారి ఒక రాతి క్వారీలో ఆగిపోయింది. మళ్ళీ నాలుగు కిలోమీటర్లు వెనక్కి. ఎండ బాగా ఎక్కింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మంచినీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఎనక్కొత్తావని నాకు తెలుసు. ఆ రోడ్డెంట ఎల్లినోల్లందరూ ఎనక్కే వత్తారు. అడుగుతావేటోనని సూసినాను, నువ్వు నన్ను సూసి పులిని సూసినట్టు పారిపోనావు" అంది. నీళ్ళు తాగాక ఊరి పేరు చెప్పాను. "ఆ ఊరా? ఎవులింటికి?"

"అప్పన్న... మా మావ."

"అలగా, పైడి మొగుడివా!" ఆవిడ నన్ను పైనించి కిందిదాకా చూసింది. నా సంగతి నాకన్నా ముందే ఈ ఊళ్ళకి చేరిపోయిందని అర్థమైంది. "సరే, ఇను. కుడి పక్క ఎల్లు. ఊరి ముందల తాటితోపుంటాది. దాని కిందనించే దారి. నోరు మూసుకుని ఎల్లకు బాబూ. ఆదివారం సెట్లెక్కి ఎండుమట్టలు కొట్టి పడేత్తారు. తోపు మొదట్లో దిగి, నాను వత్తన్నాను అని గట్టిగా అరువు. పైనించి రా అంటేనే ఎల్లాల. ఆల్లు కూడా అంతే, సెట్టెక్కే ముందు కేకేసే ఎక్కుతారు. పైనించి అందరి పెరడులూ అగుపిత్తాయి కదా, ఆడోల్లు సర్దుకోవాల. ఆ ఊల్లో కింద ఉన్నోడూ పైనున్నోడూ మాటాడుకోకపోతే ఒక్క పూట గడవదు."

మనిషంటే భయపడే నన్ను చెట్లతో మాట్లాడమంటున్నారు.

తోపు పదిన్నరకు వచ్చింది. నూరు చెట్లకు పైనే ఉంటాయి. దారి సన్నగా వాటి మధ్యలోంచి ఊళ్ళోకి పోతుంది. అవతల కొసన పాక, పాకలోంచి పొగ. దిగాను. అరవాలని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట అరవడం ఇంకా సిగ్గనిపించింది. అప్పుడు సైకిలు బెల్లు గుర్తొచ్చింది. చప్పుడైతే చాలు కదా, గొంతయితేనేం, బెల్లయితేనేం అనుకున్నాను. గట్టిగా రెండుసార్లు కొట్టి, సైకిలు నడిపించుకుంటూ తోపులోకి వెళ్ళాను.

పాక ఇంకా నాలుగు చెట్ల దూరంలో ఉందనగా, పైన చర్రుమని చప్పుడు. ఎండిన తాటిమట్ట, మనిషంత పొడుగుది, అంచునిండా రంపపు పళ్ళున్నది, నా ముందు చక్రం మీద పడింది. సైకిలు చేతిలోంచి ఎగిరిపోయింది. సాల్మన్ మడ్‌గార్డు సొట్టపోయింది. నా కాలికి జానెడు దూరం. నెత్తళ్ళ పొట్లం విప్పుకుని దారంతా పరుచుకుంది.

"ఎవుల్రా అది?" పైనుంచి కేక. మా మామ అప్పన్న గొంతు. పెళ్ళిలో విన్నదే, మరిచిపోయే గొంతు కాదు. "బెల్లినబడింది. మనిసేడీ? బతికున్నావా?"

బతికే ఉన్నాను. ఆ మాటే నోటికి రావడం లేదు.

"ఒరే, ఇంకో మట్ట సగం తెగి యేలాడతంది. నువ్వు ఏ పక్కనున్నావో నాకు అగుపించడం లేదు. సెప్పకపోతే నాను కొయ్యలేను, దిగలేను. సేతులు లాగేత్తన్నాయి!"

తలెత్తి చూశాను. నడుముకి మోకు తాడు, చెట్టుని కావిలించుకున్న రెండు పాదాలు, వాటి పైన మట్టలు. మనిషి కనబడడం లేదు. కేక విని పాకలోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. మా అత్త నరసమ్మ వచ్చింది. ఆమె వెనకే, పొయ్యి మీద బెల్లం పాకం కలపడం ఆపి, తెడ్డు చేత్తో పట్టుకుని పైడమ్మ. రెండు నెలల్లో కాస్త చిక్కింది. నన్ను చూసింది. కింద పడ్డ సైకిలునీ, నెత్తళ్ళనీ చూసింది. ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"అమ్మీ పైడీ! కింద ఎవులో సూడే!" అని మామ.

"ఎవులో మనిసి అయ్యా. నోరు లేనోడిలాగున్నాడు."

"ఏ పక్కనున్నాడే?"

"ఆ మనిసే సెప్పాల. నువ్వు గట్టిగా పట్టుకో."

"నీకిది ఆటేటే!" అని అత్త ఆమె వీపు మీద ఒకటి వేసింది. తనే చెప్పబోయింది. పైడమ్మ తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. పైన మామ కాళ్ళు వణుకుతున్నాయి. నాకు అది కనబడుతోంది.

"నానూ!" అని అరిచాను.

నా గొంతు అంతుంటుందని నాకు తెలియదు. తోపులో కాకులన్నీ లేచాయి.

"నానంటే ఎవులు?"

"అల్లుణ్ణి!"

"ఏ పక్కనున్నావు?"

"తూరుపు పక్క! సైకిలు కాడ!"

"కదలకు, అలగే ఉండు!" పడమటి వైపు రెండో మట్ట దభీమని పడింది. పైనుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఇక దిగుతాడనుకున్నాను. దిగలేదు. "మరి ఏటి పనిమీదొచ్చినావు అల్లుడా?" అన్నాడు. ఆ గొంతులో నవ్వుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

"పైడమ్మ కోసం!"

"నన్నడిగితే ఏటొత్తాది? నాను సెట్టు మీదున్నాను. అది కిందున్నాది. దాన్నడుగు."

ఆమె వైపు తిరిగితే మాట పోతుందని నాకు తెలుసు. అందుకని తల దించలేదు. మెడ లాగుతున్నా మట్టలకేసే చూస్తూ నిలబడ్డాను. మొహం కనబడని మనిషితో మాట్లాడడం ఎందుకో తేలికగా ఉంది. ఇక "ఇంటికి రా" అనాలి. రాళ్ళ దగ్గర ముప్పైసార్లు అన్న మాటే. నోరు తెరిచాను. వచ్చింది వేరే.

"పైడీ! జొరం తగ్గినాదా? నీకు ఎలగున్నాదీ?"

తోపంతా నవ్వులు. అత్త నవ్వింది, పక్క చెట్టు మీద ఇంకెవరో ఉన్నాడు, వాడూ నవ్వాడు. మామ అయితే మోకు ఊగేలా నవ్వుతూ, "రెండు నెల్లయినాది రా అల్లుడా! ఆ జొరం ఎప్పుడో ఎలిపోనాది!" అని అరిచాడు.

పైడమ్మ నవ్వలేదు. తల దించి చూస్తే ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో తెడ్డు కదలడం లేదు.

"తగ్గినాది" అంది, మా ఇద్దరికే వినబడేలా. "తలనొప్పి పోనాది. ఇంకా కూసింత నీరసంగున్నాది." నిన్న రాత్రి జ్వరం తగ్గినట్టు, నేను మంచం పక్కన గ్లాసు పట్టుకుని అడిగినట్టు చెప్పింది. "అన్నం సయిస్తన్నాది" అని కూడా అంది.

"ఓలమ్మో, పాకం!" అని అత్త అరిచేదాకా ఎవరికీ గుర్తు లేదు. అప్పటికే బాండీలో బెల్లం అడుగంటింది. పొగ వాసన తోపంతా కమ్ముకుంది. ఆ పూట బెల్లం నల్లగా వచ్చింది. మార్కెట్‌కి పనికిరాదు.

మామ దిగి వచ్చి మొదట నా కాలు చూశాడు, తరవాత సైకిలు చూశాడు. "ఇరవై ఏల్లనించి ఎక్కుతన్నాను. తాటిసెట్టుకి బెల్లు కొట్టినోడ్ని నిన్నే సూసినాను. బెల్లుకి ఎవుడు జవాబు సెప్తాడ్రా? అది ఎవుల్దో, ఏ పక్కనుందో, ఆగినాదో పోనాదో, ఏటి తెలుస్తాది?" అన్నాడు. తిట్టినట్టే ఉంది గానీ, మడ్‌గార్డు రాయి మీద పెట్టి తనే కొట్టి సరిచేశాడు. పూర్తిగా సాపు కాలేదు. నేనూ పైడమ్మా కూర్చుని దారిలో పడ్డ నెత్తళ్ళు ఏరాం. ఆమె ఇసక దులిపి ఇస్తుంటే నేను పొట్లంలో వేశాను.

మధ్యాహ్నం చోడి అంబలి, అంటే రాగి అంబలే, అవే నెత్తళ్ళ వేపుడు. నేను కల్లు తాగను. మామ దానికేమీ అనలేదు. సున్నం పూసిన లొట్లో పట్టిన తీపి రసం కొంచెం మిగిలి ఉంటే తాటాకు దొన్నెలో పోసి ఇచ్చాడు. లోపల సున్నం పూస్తే అది పులవదు, బెల్లానికి పనికొస్తుంది. పూయకపోతే ఎండెక్కేసరికి కల్లయిపోతుంది. అటు వెళ్ళేవాళ్ళకి ఈ రసం తాగాలనుంటే పొద్దున్న ఎనిమిది లోపే వెళ్ళాలి.

మూడింటికి బయల్దేరాం. నేను ఇంటికి రా అననేలేదు. ఆమె తన చీరల మూట తెచ్చి హేండిల్‌కి తగిలించింది, మాడిన బెల్లం ఒక అచ్చు తాటాకులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, క్యారియర్ మీద కూర్చుంది. తోపులోకి వచ్చేసరికి, "అరువు" అంది. పైన ఎవరూ లేరు, మామ మా పక్కనే నడుస్తున్నాడు. అయినా "నాను ఎల్తన్నాను!" అని అరిచాను. మామ తలెత్తి ఖాళీ చెట్టుకేసి చూసి, "ఎల్లు!" అన్నాడు.

చిన్న రోడ్డు పొడుగునా ఆమె రెండు నెలల సంగతులు చెప్పింది. ఎవరికి పెళ్ళయింది, ఎవరి గేదె ఈనింది, మేనత్త రాయగడ గురించి ఎంత గొప్పగా చెప్పింది. నేను ఊఁ కొట్టాను. నాలుగు ఊఁలకి ఒకసారి వీపు మీద వేలితో పొడిచేది. అప్పుడు ఏదో ఒకటి అడిగేవాణ్ణి. "ఆడదూడా, మగదూడా?" అలాంటివి. ఆ రోడ్డు మీద మా మాటలు తప్ప ఇంకేమీ వినబడలేదు. చీలిక దగ్గర జీడిపిక్కల ముసలావిడ మమ్మల్ని చూసి చాట ఎత్తి ఊపింది. ఆనందపురం నుంచి మళ్ళీ లారీలు. ఎత్తులన్నీ దిగి నడిచాం. ఏడున్నరకు వన్ టౌన్ చేరాం. సాల్మన్ వరండాలోనే ఉన్నాడు. ముందు మడ్‌గార్డు తడిమాడు, తరవాత పైడమ్మని చూశాడు. "పోనీలే సెల్లీ, సొట్ట సైకిలికే కదా" అన్నాడు. ఆమె బెల్లంలో సగం విరిచి అతనికి ఇచ్చింది. కొరికి మొహం అదోలా పెట్టి, "మాడినాది" అన్నాడు. "మాడుద్ది మరి" అంది ఆమె. కారణం మేమిద్దరం చెప్పలేదు.

అయిదేళ్ళ కిందట ఆటోలో అటు వెళ్ళాను. పెద్ద రోడ్డు చాలా పెద్దదయింది. చిన్న రోడ్డుకి తారు వచ్చింది. జీడితోటలు కొన్ని ప్లాట్లయ్యాయి, తాటిచెట్లు తగ్గాయి. అయినా పొద్దున్నే వెళితే చాలాసేపు ఏ బండీ ఎదురు రాదు. ఆ రోజు తరవాత నేనేమీ మాటకారినైపోలేదు. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి "నాను వొచ్చినాను" అనడం మాత్రం అలవాటైంది. లోపల్నించి పైడమ్మ "రా" అనేది. తెలిసిన ఇంట్లోకి వెళ్ళడానికి రోజూ ఈ కేకేమిటని వన్ టౌన్‌లో నవ్వుకునేవాళ్ళు. పోర్టు నుంచి రిటైరై సీతమ్మధార వచ్చినా మానలేదు. ఇప్పుడు ఆమెకు ఒక చెవి సరిగ్గా వినబడదు. రెండుసార్లు అంటాను. ఆ తరవాత ఎలా ఉందని అడుగుతాను. మోకాలి నొప్పి గురించి చాలాసేపు చెబుతుంది.

డాక్టరమ్మకీ, వాళ్ళ స్నేహితులకీ ఒక్క మాట. ఆ వైపు తాటిచెట్ల కింద దారి వస్తే బెల్లు కొట్టి ఊరుకోకండి. సైకిలు దిగి, తల పైకెత్తి, మీరెవరో, ఏ పక్కనున్నారో గొంతెత్తి చెప్పండి. చెప్పాక, పైనుంచి "రా" అనే దాకా అక్కడే ఆగండి.